ఫొటోలో ఆడే ఆటలు

ఆ బడిలో ఆటలు నేర్పే పంతులమ్మను పిల్లలు ఈల మేడం అనేవారు. ఆవిడకు మాట తక్కువ, కసురు ఎక్కువ. ఆడి అలిసిన పిల్లలంటే ప్రాణం. ఆడకుండా ఆటల గురించి మాట్లాడేవాళ్లంటే చీదర.

అలాంటావిడకు ఆ రెండో రకం హెడ్మాస్టరే వచ్చి పడ్డాడు. ఆయన జన్మలో బంతి ముట్టిన మనిషి కాడు. బూట్లకు మట్టి అంటుతుందని మైదానం గట్టు దిగేవాడు కాదు. వచ్చీ రాగానే గోడలనిండా రూల్సు అంటించాడు. పిల్లలెవరూ సెల్‌ఫోను తేకూడదు, తెస్తే ఆ టర్మంతా ఆటలు బంద్. కానీ ప్రతి పిల్లా ఏదో ఒక ఆటలోనో క్లబ్బులోనో ఉండి తీరాలి, ఉన్నట్టు ఫొటో బడి యాప్‌లో కనబడాలి.

"ఆడించకపోయినా ఫరవాలేదు మేడం, ఫొటో మాత్రం తప్పకూడదు. తల్లిదండ్రులు చూసేది అదే" అన్నాడు.

ఇక చూడండి భాగోతం! ఒక బ్యాచి బ్యాటు పట్టుకుని ఇకిలించడం, అదే బ్యాటు ఇంకో బ్యాచికి ఇచ్చి క్లాసుకు పరిగెత్తడం. చదరంగం క్లబ్బులో గుర్రం ఎటు నడుస్తుందో తెలిసినవాళ్లు లేరు. చర్చల క్లబ్బు పిల్లలు ఫొటో కోసం నోళ్లు తెరిచి, తీయగానే మూసేసేవారు. ఈల మేడం ఫొటోలు తీస్తూనే లోలోపల ఆయన్ని కడిగి ఆరేసేది.

ఎనిమిదో క్లాసులో పాత ఇనుము కొట్టాయన కూతురొకతె ఉండేది. పొడుగని నిచ్చెన అనేవారు. ఇనుప గుండు విసిరితే చూసి తీరాలి. కాకపోతే విసిరేటప్పుడు కాలు గీత దాటేది. మేడం ఎంత చెప్పినా "లేదు మేడం, మీకలా కనిపిస్తోంది" అనేది. చివరికి వీడియో తీసి తేల్చుకుందామని వాళ్లన్నయ్య ఫోను పట్టుకొచ్చింది. కంప్యూటరు మాస్టారు చూడనే చూశాడు. ఫోను హెడ్మాస్టరు బల్ల మీదికి చేరింది.

"కాలు ఎక్కడ పడుతోందో చూసుకోవడానికి తెచ్చింది సార్" అంది మేడం.

"రూలంటే రూలే. టర్మంతా ఆటలు బంద్."

వారం తిరక్కుండా ఆయనే కబురు పెట్టాడు. బడి గురించి రంగుల పుస్తకం వేస్తున్నారట. "ఆ పొడుగుపిల్లని గుండు పట్టుకుని నిలబెట్టండి. అట్ట మీదికి బాగుంటుంది."

"ఆ పిల్లకి ఆటలు బంద్ అన్నారు కదండీ?"

"ఆటలు బంద్. ఫొటో ఆట కాదుగా!"

ఈల మేడం నవ్వలేదు. ఇలాంటి మనిషి ముందు నవ్వినా దండగే అనుకుంది. వెళ్లి పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"విసరకూడదు గానీ పట్టుకోవాలా?"

"అంతేనట."

"నేను పట్టుకోను మేడం."

"మంచిది. నేనూ తియ్యను."

ఆ మాట విని హెడ్మాస్టరు మొదటిసారిగా గట్టు దిగాడు. గుండు తనే ఎత్తి పిల్ల చేతికివ్వబోయి, సగం ఎత్తులో "అమ్మో" అని నడుం పట్టుకున్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. చివరికి రబ్బరు బంతికి నల్లరంగు పూయించి, గాలికి ఎగిరిపోయేలా ఉన్న ఇంకో పిల్లకిచ్చి ఫొటో తీయించాడు. పుస్తకం అట్ట మీద ఆ పిల్ల ఆ బంతిని పళ్లెంలో పండులా పట్టుకుని నిలబడింది. అది చూసి మెచ్చుకున్న తల్లిదండ్రులకూ లోటు లేదు.

బడుల మధ్య పోటీలకు నిచ్చెన పేరు పంపడానికి ఆయన సంతకం పెట్టలేదు. ఈల మేడం బతిమాలనూ లేదు. సాయంత్రాలు ఇనుము కొట్టు వెనక ఖాళీ జాగాలో గీత గీసి, తన ఫోను డ్రమ్ము మీద నిలబెట్టి పిల్ల చేత విసిరించింది. వీడియో చూసుకున్న పిల్ల ముఖం ముడుచుకుంది.

"దాటుతోంది మేడం."

"మరి ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నదేమిటే?"

బడి సంతకంతో పని లేకుండా ఎవరైనా పాల్గొనే ఊరి క్లబ్బు పోటీలో నిచ్చెనకు మూడో స్థానం వచ్చింది. మర్నాడు అసెంబ్లీలో హెడ్మాస్టరు మైకు పట్టుకుని, ఇదంతా మన క్రమశిక్షణ ఫలితమే అన్నాడు. పిల్లను వేదిక మీదికి రమ్మన్నాడు. పిల్ల వరసలోంచి కదల్లేదు. మళ్లీ పిలిచాడు. ఆమె కిందికి చూస్తూ నిలబడింది. ఆయనే చప్పట్లు కొట్టుకుని దిగిపోయాడు.

పై ఏడు వాళ్ల నాన్న పిల్లను మంచి మైదానం ఉన్న ఇంకో బడిలో వేశాడు. ఈల మేడానికి మాత్రం ఫొటో తియ్యనన్నందుకు మెమో వచ్చింది, ఫొటోల పని కంప్యూటరు మాస్టారికి పోయింది. ఆవిడకు అదీ మేలే అయింది. మిగిలిన కాస్త టైములో నలుగురు పిల్లలనైనా నిజంగా ఆడించుకునేది.

హెడ్మాస్టరుకు ఆ పుస్తకం పుణ్యమా అని ఇంకా పెద్ద బడిలో ఉద్యోగం దొరికింది. వీడ్కోలు సభకు ఈల మేడం వెళ్లలేదు.

"ఒంట్లో బాగోలేదా?" అని తెలుగు పంతులమ్మ అడిగింది.

"బాగానే ఉంది. వెళ్లాలనిపించలేదు" అంది.