ఈశాన్యం మూల గడ్డి

మొన్న ఫోనులో మీరందరూ ఒకేపాలి మాటాడేసరికి నాకు సగం ఇనపళ్ళేదు గాని, బోరు మాట మటుకు ఇనపడ్డాది. సెరుకు సేనికి ఈశాన్యం మూల బోరు ఏయిద్దాం, వాస్తుకి నీళ్ళు ఆ మూలే ఉండాలి, ఆ జాగా ఎలాగూ కాళీగా ఉన్నాది గదా అన్నారు. అప్పుడు నానేటీ అన్లేదు. పక్కింటి పిల్ల నా మాట రికార్డు సేసి మీకు పంపుతానంది. అంచేత నిదానంగా సెప్తన్నాను, ఇనండి.

ఆ మూల కాళీగా లేదు బాబూ.

నాను కాపరానికొచ్చిన కొత్త, అరవైల్లో మాట. మా మావకి, అంటే మీ ముత్తాతకి, ఓ జత ఎద్దులుండీవి. కుడేపు కట్టీదాన్ని ఎలపటెద్దు, ఎడమేపు కట్టీదాన్ని దాపటెద్దు అనీవోరు. దూడలప్పట్నించీ ఒకటే కాడి. నాగలికైనా, బెల్లం గానుక్కైనా, అనకాపల్లికి దిమ్మలు తోలే బండికైనా ఆ రెండే. కాడి ఇప్పేసినా సరే, కుడేపుది కుడేపే, ఎడమేపుది ఎడమేపే నిలబడీవి.

తొలకరి పడ్డ కొత్తలో ఓ తెల్లారి ఎలపటెద్దు పశువుల సాల్లో పడిపోయి ఉన్నాది. ముందురోజు బాగానే కుడితి తాగింది. పొట్ట ఉబ్బిపోయి, ముక్కులోంచి నల్లటి రగతం కారతన్నాది. అది గడ్డ కూడా కట్టలేదు. పామన్నారు కొందరు. దిష్టన్నారు కొందరు.

సచ్చిన గొడ్డుని తోలు ఒలుసుకోడానికి ఇచ్చీడం మా ఊళ్ళో ఆనవాయితీ. మావ ఇవ్వనన్నాడు. నాతో సమానంగా కష్టపడ్డోడి తోలు ఒలిపిత్తానా అన్నాడు. పసుపు రాసి, కొత్త పంచి కప్పి, దేవుడి మూలని ఈశాన్యంలో గొయ్యి తీసి పెట్టేడు. నేల గట్టిగా ఉన్నాదని గొయ్యి లోతుగా తియ్యలేదు. మట్టిలో కలిసి మన సెరుక్కే బలమవుతాడులే అన్నాడు.

నాలుగు వానలు పడేసరికి ఆ మూల గడ్డి లేసింది. సేనిగట్లన్నీ పాలిపోయుంటే, అది నల్లపచ్చగా, మోకాలెత్తు. కాళ్ళు ముడుసుకు పడుకున్న పశువుకి ఎంత జాగా కావాలో, అంత మేరే. సద్దన్నం అట్టుకుని ఎల్లినప్పుడల్లా నాను ఆ ఏపు సూడకుండా నడిసీదాన్ని.

ఓనాడు పక్క సేనోళ్ళ మేక ఆ గడ్డి మేసింది. తరవాత అదీ పడిపోయింది, ముక్కులోంచి అదే నల్ల రగతం. ఇంక ఊరంతా ఒకటే మాట. ఎలపటెద్దు దయ్యమై కూకున్నాది, పరాయోళ్ళని రానివ్వట్లేదు అని. మా అత్త ఉప్మాక ఎంకన్నకి ముడుపు కట్టింది. మావ మటుకు బయపళ్ళేదు. ఆ గడ్డి ఆడు జతగాడి కోసం పెంచుతన్నాడు అనీవోడు. దాపటెద్దేమో ఎప్పుడిడిసినా ఆ మూలకే పోయి, తలెత్తి అరిసీది. మావ పలుపట్టుకుని ఎనక్కి లాగి, ఆగరా, గానుగ మొదలెట్టే రోజున తొలి మేత అదే పెడతాను అని దాంతో సెప్పీవోడు.

ఆ రోజుల్లోనే ఎవసాయం కాలేజీ నించి మట్టి పరీచ్చ సేసే ఆయనొకడు వచ్చేడు. సెరుకు బూముల్లో సారం ఎలాగున్నాదో సూడ్డానికి ఊరూరూ తిరగతన్నాడు. పేంటు మోకాళ్ళ దాకా మడిసి, ఇనప బర్మా నేల్లోకి తిప్పి, పైకొచ్చిన మట్టి గుడ్డసంచుల్లో కట్టుకున్నాడు. ఈశాన్యం మూల సూసి సంబరపడిపోయేడు.

"ఇక్కడ ఏటెరువేసేవు తాతా?"

"ఎద్దునేసేను," అన్నాడు మావ.

ఆయన నవ్వేడు. మావ నవ్వలేదు. అక్కడ బర్మా పెట్టనివ్వలేదు కూడాను. ఎద్దెలా పోయిందని అడిగేడాయన. రగతం మాట, మేక మాట ఇన్నాక బర్మా బుజానేసుకుని ఎనక్కి నడిసి గట్టెక్కీసేడు. సదువుకున్నోడే బయపడ్డాడంటే ఇంక దయ్యమే అనుకున్నాను నాను.

మళ్ళీ వచ్చినప్పుడు పశువుల డాక్టర్ని ఎంటబెట్టుకొచ్చేడు. ఆయన సేతులికి రబ్బరు తొడుగులేసుకుని చిటికెడు మట్టి సీసాలో అట్టుకెళ్ళేడు. పరీచ్చ సేసేక వచ్చి మావతో సెప్పేడు. అది దొమ్మరోగమంట. పశువు పోయినా రోగం పోదంట, మట్టిలో పడుకుని ఉంటాదంట, గడ్డితోపాటు ఇంకో పశువు కడుపులోకెల్లి లేత్తాదంట. తోలు ఒలిపించకపోడం మంచిదైంది, లేపోతే ఒలిసినోళ్ళకీ అంటుకునీది అన్నాడు. ఇకమీద ఆ మూల తవ్వకూడదు, దున్నకూడదు, మేపకూడదు అని సెప్పి, దాపటెద్దుకి సూదిమందేసేడు.

అప్పుడు మావ అడిగేడు.

"నా ఎద్దు దాని జతగాడికి ఇసం పెడతాదేటి బాబూ?"

"దానికేటి తెల్సు తాతా," అన్నాడు డాక్టరు.

"ఎన్నాళ్ళుంటాదది?"

"మన తరంలో పోదు."

ఆళ్ళెల్లిపోయేక మావ గట్టుమీద కూలబడ్డాడు. దయ్యమైనా బాగుండీది, బతిమాలుకునీవోణ్ణి అన్నాడు.

డాక్టరు మాట మావ మనసుకి ఎక్కిందో లేదో మాకు తెలీదు. అడిగే దైర్యం ఎవలికీ లేదు. గానుగ మొదలెట్టే రోజు పొద్దున్నే కొడవలట్టుకుని, దాపటెద్దుని తోలుకుని ఆ మూలకే బయల్దేరేడు. మా అత్త నన్ను ఎనకాల పంపింది. ఎద్దు పోతే ఆయేడు గానుగ లేదు, బెల్లం లేదు. ఎద్దు కన్నా ముందు మావ పోతాడని అత్త బయం.

గడ్డి దగ్గర నిలబడ్డాడు. ఎద్దు మెడ సాసి వాసన సూత్తన్నాది. మావ కొడవలెత్తేడు. మరింతలోనే ఎనక్కి తిరిగి, ఎద్దుని దూరంగా తుమ్మ మొద్దుకి కట్టీసి, ఆ కొడవల్తోనే తుమ్మకంప కొట్టడం మొదలెట్టేడు. మూల సుట్టూ కంపేసేడు. సేతులు సీరుకుపోయి రగతమొత్తన్నా ఆగలేదు. నాను కంప అందిత్తన్నాను. ఎద్దు అరుత్తానే ఉన్నాది. మావ దాని ఏపు సూళ్ళేదు. గానుగ ఆ రోజు మొదలవలేదు.

దాపటెద్దు సాన్నాళ్ళు బతికింది. కొత్త ఎద్దుతో కాడి మోసీది. ఇప్పేస్తే మటుకు కంప దగ్గరకే పోయి, తన కుడేపు ఒక పశువు జాగా ఇడిసిపెట్టి నిలబడీది. అది ముసలిదై పోయినప్పుడు, జతగాడి పక్కనే పెట్టాలని మావకెంతో ఉన్నాది. తవ్వకూడదు గదా. అటు సివర నైరుతిలో, లోతుగా పెట్టేడు.

ఇప్పటికీ తొలకరికి సేనంతట్లోనూ ముందు పచ్చబడీది ఆ ఈశాన్యం మూలే. పొద్దోయే ఏళకెల్తే కంపకి ఇవతల ఏదో నిలబడ్డట్టే ఉంటాది. నాను దాని కుడేపుకి ఎల్లను.

బోరు ఇంకెక్కడైనా ఏయించుకోండి తల్లీ, వాస్తోడికి నాను సెప్తాను. కంప మటుకు ఏటేటా ఇప్పటిదాకా నానే ఏయిత్తన్నాను. నా తరవాత మీరే ఏయించాలి.