పులి కదల్లేదు

దెయ్యాల మాటెత్తితే ముఖం మీదే నవ్వే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

గొర్రెలు మేపే రోజుల్లో మేం మా ఊరు రాయచెర్లు బండ మీద గీతలు గీసి పులిమేక ఆడేవాళ్ళం. మేకలు చుట్టూ చేరి పులికి దోవ లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. ఇప్పుడు మా చేలన్నీ సోలార్ పలకల కిందున్నాయి. మాలో తిమ్మప్ప బ్రోకరయ్యాడు. బాడుగ కాగితమని చెప్పి, మాతో మేకగా ఆడే ఓబులేసు చేత వేలిముద్ర వేయించాడు. అది చేను తన పేరుకు రాయించుకున్న అమ్మకం కాగితం. అప్పటికి నాకూ అక్షరం రాదు. ఆ దిగులుతోనే ఓబులేసు పోయాడు. వాడి భార్య లక్ష్మక్క హొసకోటలో కూలికి పోయేది.

పోయిన ఎండాకాలం ఊరి కుర్రాళ్ళు మనుషులతో పులిమేక పెట్టారు. బడి ముందర సున్నంతో గీతలు గీశారు. పులులకు ముఖాన రంగు, మేకలకు భుజాన కొత్త కంబళి. పాత ఆటగాళ్ళందరం ఏళ్ళ తర్వాత కలిశాం. తిమ్మప్ప ఎప్పటిలాగే పులి. ఓబులేసు లేడు కాబట్టి మేకల్లో ఒకటి తక్కువ.

"నిన్ను కదలకుండా కట్టేస్తే ఓబులేసు చేను లక్ష్మక్క పేరుకు రాసియ్యాల," అన్నాను తిమ్మప్పతో, అందరి ముందరా.

"మీకొక మేక తక్కువుండాది గదప్పా! కట్టేయండి, రాసిస్తా," అని నవ్వాడు.

కసితో ఆడాం. మిగతా పులులను కట్టేశాం. తిమ్మప్పను మూలకు తోశాం. కానీ నా పక్క చోటు ఖాళీ. అక్కడ నిలబెట్టడానికి ఇంకో మేక లేదు. ఒక్క అడుగేస్తే వాడు బయటపడతాడు.

వేయలేదు.

"జరుగప్పా, దోవ ఉండాది గదా," అన్నాడు ఆట నడిపే మేష్ట్రు.

"యాడుండాది? ముందు వాణ్ణి తప్పుకోమను."

"ఎవర్నిప్పా?"

"కంబళి కప్పుకోని నిలబడినాడు గదా! మీకు కనపళ్ళేదా?"

పక్కకు తిరిగి చూశాను. ఉత్త సున్నపు గీతలే. కానీ వానలో తడిసిన పాత కంబళి వాసన ముక్కుకు కొట్టింది. వాన పడి నెలలయింది.

తిమ్మప్ప కూలబడ్డాడు. "ఓడిపోయినా. రాసిస్తా. వాణ్ణి పొమ్మనండప్పా," అని ఏడ్చాడు. మాలో ఒక్కరూ వాణ్ణి లేపలేదు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఆ వారమే పావగడ రిజిస్ట్రారు ఆఫీసులో చేను లక్ష్మక్క పేరుకు మారింది.

చేసిన తప్పే వాడి కళ్ళకు అలా కనిపించిందంటాడు మేష్ట్రు. అయ్యుండొచ్చు. తప్పు చేసింది తిమ్మప్ప. మరి ఆ వాసన నాకెందుకు తగిలింది?