బొంబాయి నుంచి వచ్చిన దరువు

మా బావ బొంబాయి నుంచి తిరిగొచ్చిన నాడు ఆయన సామానంతా ఒక్క గోనెసంచిలో పట్టింది. రెండు ధోవతులు, అక్కకు గాజులు, పాత చీర ముక్కలో చుట్టిన ఒక గ్రామఫోను రికార్డు. రికార్డు ఉంది గానీ దాన్ని పాడించే యంత్రం గద్వాలలో మా వీధిలో ఎవరి ఇంట్లోనూ లేదు. ఆయనకు దాని అవసరమూ లేకపోయింది. ఆ పాట ఆయన వేళ్లలోకి, కాళ్లలోకి ముందే దిగిపోయి ఉంది. నన్ను భయపెట్టింది అదే.

అది యుద్ధకాలం. నూలు సరిగా రాక సగం మగ్గాలు ఆగిపోయాయి. బావ మా ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. పనిలేని అల్లుడిగా కూర్చోలేక బొంబాయి వెళ్లి, సముద్రం పక్కన ఒక పెద్ద హోటల్లో కూలిగా కుదిరాడు. అక్కడ ఒక పియానో ఉండేది. పొద్దున వరండాలోకి, సాయంత్రం హాల్లోకి దాన్ని నలుగురు నెట్టాలి. ఆ నలుగురిలో ఈయనొకడు. వాయించే మనిషి అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ఆయన. బ్యాండులో ఫిడేలు వాయించే గోవా అతనికి హిందీ వచ్చు. పియానో తుడిచే వేళ ఆయన చెప్పేది అతని నోట బావకు చేరేది.

ఆ పియానో ఆయన తాతలు పత్తిచేలలో గులాములట. పత్తి ఏరుతూ పాడుకున్న ఏడుపు పాటలే తర్వాత పియానో మీదికి ఎక్కాయట. మొదటి చరణం ఒక మాట అంటుంది, రెండోసారీ అదే మాట అంటుంది, మూడో చరణం దానికి జవాబు చెబుతుంది. అక్కడి అడవుల్లో చెట్లు కొట్టే కూలీల మకాములు ఉండేవి. మన నల్లమలలో కట్టె కొట్టేవాళ్ల గుడిసెల్లాంటివే అనుకోవాలి. అక్కడ సారా పోసే కొట్టంలో ఒక పాత పియానో. డోలు వాయించడానికి మనిషి లేడు. అందుకని ఎడమచేయే డోలు పని చేసేది, రైలు పని చేసేది. ఎనిమిది దెబ్బలు, ఒకటి బరువు, ఒకటి తేలిక, చక్రం తిరిగినట్టు ఆగకుండా. ఆ ఎడమచేయి మీద కుడిచేయి తన గోడు చెప్పుకునేది.

దాన్ని బూగీ-వూగీ అంటారని, దాని తల్లి పేరు బ్లూస్ అని, ఆ కొట్టాల నుంచి చికాగో అద్దె ఇళ్లకు, అక్కణ్ణుంచి న్యూయార్క్ సంగీత సభలకు ఎక్కిందని నేను చాలా ఏళ్ల తర్వాత పత్రికాఫీసులో విదేశీ కాగితాలు తిరగేస్తూ తెలుసుకున్నాను. బావ ఆ పేర్లేవీ చెప్పలేదు. నూలు కండెలు చుట్టే బల్ల మీద ఎడమచేత్తో దరువు వేసి చూపించేవాడు.

"మనం నేసే పత్తే బామ్మర్ది, వాళ్లు ఏరింది. గందుకే గది మన కాళ్లకు తెలుస్తది" అన్నాడొకసారి.

నేను నవ్వాను. శ్రావణం వచ్చేదాకా ఆ నవ్వు ఉంది.

ఏటా మా ఊరి నుంచి తిరుపతి వెంకన్నకు జోడు పంచెలు పోతాయి. అవి నేసేవాళ్లు దీక్షలో ఉంటారు. నలభై ఒక్క రోజులు తలస్నానం, ఒంటిపూట భోజనం, మగ్గపు గది దాటి ఎక్కడికీ పోకపోవడం. ఆ ఏడు నేత మా పెద్దనాయన చేతికి వచ్చింది. ఆయన చూపు అప్పటికే మసకబారింది. తాను పర్యవేక్షిస్తానని, మగ్గం మీద నన్నూ బావనూ కూర్చోమన్నాడు. బావను కూర్చోబెట్టడం ఇంట్లో కొందరికి నచ్చలేదు. ఊరు విడిచి, హోటల్లో ఏం తిన్నాడో, ఎవరి మధ్య ఉన్నాడో అని గొణిగారు. పెద్దనాయన వినలేదు. కానీ అందరి ముందూ ఒక మాట అన్నాడు.

"అల్లుడా, గీ బట్టల తప్పు దొర్లితే నిన్ను మల్ల మగ్గమెక్కనియ్య. చెప్తున్న."

దీక్షలోకి వెళ్లే ముందు, ఆ మధ్యాహ్నం అక్క నన్ను వంటింటి గడప దగ్గర ఆపింది. మగ్గం మీంచి దింపితే ఈయన మళ్లీ బొంబాయి రైలెక్కుతాడని, ఈసారి పోతే రాడని చెప్పింది. ఏడవలేదు. నా మోచేయి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"జర చూస్కో తమ్మి. నువ్వు పక్కనుంటవు గద."

పంచె వెడల్పు ఒక మనిషి చేతులకు అందదు. మగ్గం గుంటలో ఇద్దరం పక్కపక్కనే కూర్చోవాలి. కుడివైపు బావ. తొక్కుడు కర్రలు ఆయన కాళ్ల కింద. ఆయన అడ్డపోగు మోసే నాడె విసిరితే ఎడమవైపు నేను పట్టుకోవాలి, ఇద్దరం కలిసి ఆ పోగును బిగించే అచ్చు చట్రాన్ని ముందుకు లాగాలి, నేను తిరిగి విసరాలి. విసురు, లాగు, ఆగు. ఆ ఆగడంలోనే నా చేయి నిలువు పోగుల పడుగులోంచి బయటికి వస్తుంది. ఆ క్షణం తగ్గితే వేళ్లు చట్రం కింద నలుగుతాయి. నాడె మూసుకున్న పడుగులో ఇరుక్కుంటే పోగులు గుత్తిగా తెగుతాయి. దీక్ష బట్టలో అలా తెగితే మొత్తం తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మొదటి వారం బాగానే సాగింది. తర్వాత ఒకనాడు పొద్దున కృష్ణ వంతెన వైపు నుంచి రైలు వచ్చింది. వరద నీటి మీద నెమ్మదిగా దాటుకొచ్చిన బండి, స్టేషను దాటాక వేగం అందుకుంది. బావ కాలు దాన్ని అందుకుంది. చట్రం ఒకసారి గట్టిగా, వెంటనే ఇంకోసారి తేలికగా వచ్చింది. ఆగే క్షణం లేదు. నా వేళ్లు పోగుల మధ్యలోనే ఉన్నాయి. వెనక్కి లాక్కున్నాను. గోరు కింద రక్తం చిమ్మింది. బట్ట మీద పడకుండా నోట్లో పెట్టుకున్నాను.

బావ ముఖం చూశాను. ఆయన నన్ను చూడడం లేదు. ఎక్కడో సముద్రం పక్కన పియానో వెనక నిలబడి ఉన్నాడు.

అప్పుడే ఆపాల్సింది. ఆపితే బయట అరుగు మీద కూర్చున్న పెద్దనాయన ఎందుకని అడుగుతాడు. ఆయనకు వీధిలో ఏ మగ్గం ఎవరిదో చప్పుడు విని చెప్పడం తెలుసు. నేను చేసిన తప్పు ఏమిటంటే, బావను నా నడకకు తెచ్చుకోలేక నేనే ఆయన నడకకు వెళ్లాను. చేయి ముందే తీయడం నేర్చుకున్నాను. ఇద్దరం కలిసిపోయాక చప్పుడులో తడబాటు వినబడలేదు, పోగు తెగలేదు, పని ఎప్పటికంటే జోరుగా నడిచింది. జోరు పెరిగే కొద్దీ నా చూపు నాడె మీదే ఉండేది. బావ కాలు ఇంకొంచెం ముందుకు ఉరికితే నాడె ఇరుక్కుంటుంది. ఆ ఎనిమిది దెబ్బల్లో ప్రతిదాన్నీ లెక్కపెట్టుకుంటూ నాలుగు రోజులు గడిపాను.

అయిదో రోజు పెద్దనాయన లోపలికి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏంది అల్లుడా, మగ్గానికి చక్రాలు పెట్టినవా?" అన్నాడు.

బావ కాళ్లు ఆగిపోయాయి. పెద్దనాయన వంగి బొటనవేలితో బట్టను నిమిరాడు. కంటికి కనబడనిది ఆ వేలికి తగిలింది. ఒక దెబ్బ గట్టి, ఒక దెబ్బ మెత్తన. బట్ట పొడవునా సన్నటి మెరక, సన్నటి పల్లం. ఆ పాటంతా అక్కడ నేసి ఉంది.

ఆయన బావను అడగలేదు. నన్నడిగాడు.

"ఎక్కడికెల్లి మొదలైంది?"

నిజానికి అది మూరెడు బట్ట. జానెడే చుట్టుకర్ర పైన కనబడుతోంది. మిగతాది కర్రకు చుట్టుకుపోయింది. చుట్టిన బట్టను దీక్ష ముగిసేదాకా విప్పి చూడకూడదని మా ఇంటి కట్టు. మూరెడని చెబితే ఆ కట్టు కూడా దాటి అదంతా విప్పాలి, మళ్లీ నేయడానికి రోజులు చాలవు. బావ మగ్గం దిగుతాడు. తలుపు పక్కన అక్క చీర అంచు కనబడుతోంది.

"ఈడికెల్లి పెద్దనాయన. జానెడే" అన్నాను.

ఆ జానెడూ పోగు పోగూ విప్పాం. పెద్దనాయన బావను దింపలేదు. అరుగు మీద కాకుండా మా వెనకే పీట వేసుకుని, ప్రతి విసురుకూ నేల మీద చేత్తో తట్టేవాడు. రైలు వచ్చినప్పుడల్లా పని ఆపించి, అది దూరం పోయాక మొదలుపెట్టించేవాడు. గడువులోపల నేత ముగిసింది. నాకు నిద్ర లేదు, అన్నం సయించలేదు. చుట్టుకర్ర మీదే నా కళ్లు.

బట్ట దించే రోజున పెద్దనాయన పసుపునీళ్లతో చేతులు కడుక్కుని, కర్ర నుంచి బట్టను నెమ్మదిగా విప్పుతూ మొత్తం పొడవు బొటనవేలితో చూసుకుంటూ పోయాడు. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. ముందుకు పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. గదిలో ఉన్నవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. బావ నేలకేసి చూస్తున్నాడు.

"యుద్ధం నూలు. ఈడ జర లావు పడ్డది" అన్నాడు పెద్దనాయన. అని మడత వేశాడు.

పంచెలు వెళ్లిపోయాయి. బావ మళ్లీ బొంబాయి పోలేదు. ఆ రికార్డు కండెల బుట్టకు మూతగా అక్క వాడుకుంది. పెద్దనాయన ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్లకు మంచాన పడ్డప్పుడు, నేను కాళ్లు పిసుకుతుంటే, నా ఎడమచేతి వేళ్లు పట్టుకుని ఆనాటి దెబ్బకు నల్లబడి అలాగే ఉండిపోయిన గోరును బొటనవేలితో చాలాసేపు తడిమాడు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, వాన మొహం చాటేసినా, వెంకన్నకు పోయిన ఆ మూరలో మిగిలిపోయిన బట్టే నాకు గుర్తొచ్చేది.

తర్వాత నేను మగ్గం వదిలి హైదరాబాదులో పత్రిక పనిలో చేరాను. ఒక మధ్యాహ్నం ఆఫీసు రేడియోలో ఎవరో స్టేషను తిప్పుతుంటే పియానో మీద ఆ ఎడమచేయి వినబడింది. అంతకుముందు నేను ఏ యంత్రం మీదా దాన్ని వినలేదు. అయినా వెంటనే గుర్తుపట్టాను. పక్కనున్న మిత్రుడు బల్ల మీద తాళం వేస్తూ బాగుంది కదా అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బల్ల మీదున్న నా ఎడమచేయి చటుక్కున ఒళ్లోకి వచ్చేసింది. వేళ్లు ముడుచుకుని, పాట అయిపోయేదాకా అక్కడే ఉంది.