పలకకూడని పేరు

బెంగాల్లో ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్లలో సింహాచలమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. చీపురు పట్టి రోడ్డెక్కితే చాలు, చెత్త వీధిలోకి విసిరే దుకాణాలవాళ్ళను బెంగాలీలో ఒకసారి, తెలుగులో ఒకసారి కడిగిపారేసేది. అంతటి నోరూ ఎండాకాలం నుంచి మూతపడింది. మొగుడు కోదండానికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి వచ్చాయి గాని మాట రాలేదు. ఇంటి చాకిరీ, వీధి చాకిరీ చేసి ఆమె ఒళ్ళు హూనమైపోయింది. ఎవరినైనా తిట్టాలన్నా ఓపిక ఉండాలిగా.

భవానీపూర్ ఆస్పత్రిలో మాట నేర్పే టీచరమ్మ ఒకామె ఉంది, అందరూ దిదిమొణి అంటారు. మొదటి రోజే చేతికి అద్దమిచ్చి మొగుడూ పెళ్ళాలకు వాళ్ళ నోళ్ళు వాళ్ళకే చూపించింది. మాటంటే ఊపిరేనట. లోపల్నుంచి వచ్చే గాలిని నోట్లో ఎక్కడ ఆపితే అక్కడొక శబ్దం పుడుతుందట. గొంతు మీద వేలు పెట్టించి ‘మ్’ అనిపిస్తే వేలి కింద జుయ్యిమంది. ‘స్’ అంటే ఏమీ లేదు. ‘మ్’ అంటూ ముక్కు మూసుకుంటే శబ్దమే ఆగిపోయింది. నోట్లో ఇంత పని జరుగుతోందా అనుకుని సింహాచలమ్మ నిట్టూర్చింది. ఆ పనీ ఇక తన నెత్తినే పడబోతోందని తెలిసిపోయింది.

“ఆయన పేరేమిటి?” అంది దిదిమొణి.

సింహాచలమ్మ తోడొచ్చిన కూతురి వైపు చూసింది. రాజకుమారి చెప్పింది.

దిదిమొణి ముఖం వెలిగిపోయింది. “ఈ పేరే పాఠం! ‘కో’కి నాలుక వెనక భాగం లేస్తుంది. ‘ద’కి కొస పళ్ళను తాకుతుంది. ‘డ’కి పైకి మడుచుకుంటుంది. చివర్న పెదాలు మూసుకుంటాయి. నోరంతా కదులుతుంది. రోజూ ఎదురుగా కూర్చుని, మీ నోరు కనపడేలా పలకండి. ఈ మొదటి నెలల్లో వచ్చినంత సులువుగా మాట తర్వాత రాదు.”

పెళ్ళయిన నాటి నుంచి సింహాచలమ్మ ఆ పేరు పలికి ఎరగదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు క్షీణమని వాళ్ళమ్మ చెప్పింది, అత్తా చెప్పింది. ‘ఇదిగో’, ‘ఓయ్’, ‘పిల్ల అయ్యా’లతోనే కాపురం నడిచిపోయింది.

“నువ్వనకపోతే అయ్య మూగోడైపోతాడే అమ్మా,” అని రాజకుమారి మొత్తుకుంది. ఆ పిల్ల తెల్లారే న్యూ టౌన్ ఆఫీసుకు పోతే రాత్రికి వాలిపోయిన తలతో ఇల్లు చేరుతుంది. పాఠం చెప్పే ఓపిక దానికెక్కడిది?

“ఉన్న ఆయుస్సే ఇంతైతే, అదీ నాను తగ్గించీదా?” అంది సింహాచలమ్మ.

అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. పేరును ముక్కలు చేసి, ‘కోడి’, ‘దండ’, ‘డబ్బా’ అంటూ మొగుడి ముందు కూర్చునేది. కోదండం కాసేపు చూసి గోడ వైపు తిరిగేవాడు. కోడితో ఆయనకేం పని? ఆస్పత్రిలో దిదిమొణి అడిగితే మాత్రం, “పేరే అంటన్నాను దిదిమొణీ,” అని అబద్ధమాడేది. ఆమె తల విదిలించేది. ఇంత చేసినా మెరుగు లేదేమిటని విస్తుపోయేది.

ఒక మధ్యాహ్నం వీధులూడ్చి వచ్చి సింహాచలమ్మ మొగుడి ముందు చతికిలబడింది. “కోడి,” అంది. ఆయన గోడకు తిరిగాడు. ఆ వీపును చూస్తే దుఃఖం పొంగుకొచ్చింది. ఉలకని పలకని ఈ ఆయుష్షును దాచి ఏం చేసుకోను అనుకుంది. మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

“కోదండం,” అంది.

ఆయన గిరుక్కున తిరిగాడు. నోరు తెరుచుకుని పెళ్ళాం నోటినే చూశాడు. గొంతు కదిలింది, దవడ వణికింది, నాలుక ఎక్కడో పైకి తగిలింది.

“ఏ... టే?”

పేరు తిరిగి పలకమంటే, ఆయన పిలిచినదానికి పలికాడు.

సింహాచలమ్మకు సంతోషించే సత్తువ కూడా లేదు. ఏడుపొక్కటే వచ్చింది. “ఏటీ నేదు, ఊరికే పిలిసేను,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. అయినా నమ్మకం కుదరక మళ్ళీ అంది.

“కోదండం.”

“ఏటే!” అని ఆయన విసుక్కున్నాడు.