మూడో వంతు గాలి

మైపాడు తీరంలో ఆ ఉదయం మా డైవింగ్ క్లబ్ నాకు పరీక్ష పెట్టింది. నెగ్గితేనే జంట సిలిండర్లతో లోతుకు దిగే జట్టులో చోటు. సిలిండర్లోని గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మిగిలింది ఆపదలో తోటివాడికి ఇవ్వడానికి. ఆ లెక్క నేనే కట్టుకున్నాను.

మునిగిన ఓడ మసకగా కనబడుతుండగా గాలి మీటరు ముల్లు నేను వెనక్కి తిరగాల్సిన అంకెను తాకింది. నాతో దిగిన శిక్షకుడు ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. నేను బొటనవేలు పైకెత్తాను. నీళ్లలో దానర్థం, ఇక పైకి పోదామని.

పడవెక్కాక తోటి సభ్యుడు ఎగతాళి చేశాడు. "ఇంకాస్త పోయుంటే ఓడను తాకుందువు గదన్నా."

"నా లెక్క అక్కడికి అయిపోయినాది."

శిక్షకుడు నవ్వాడు. "నేను పిలిచినా రాకుండా వెనక్కి తిరిగినోడివి నువ్వొక్కడివే అన్నా. అసలు పరీక్ష అదే. వచ్చే ఆదివారం జంట సిలిండర్లు తగిలించుకో."

యాభై దాటిన నేను ఒడ్డు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.