పురిటి గదిలో రివాల్వరు

తెల్లదొరల కాలంలో నా రెండో కాన్పు బద్వేలులో అత్తగారింట్లోనే అయింది. మా మామకు పాత రివాల్వర్లు కొని దాచుకునే పిచ్చి. వాటి మీద గుర్తులను భూతద్దంతో చూసి, యాడ చేసిందో, ఎంత పలుకుతుందో చెప్పేవాడు. అన్నిటికీ లైసెన్సు ఉండేది, కొత్తగా కొన్న ఒక్కదానికి తప్ప.

ఒకరోజు పొద్దున్నే పోలీసులు సోదాకు వచ్చినారు. అత్త ఆ రివాల్వరును కొంగులో చుట్టుకొచ్చి, చాటలో పండుకున్న నా బిడ్డ కింద గుడ్డల్లో దూర్చింది.

"ఇదేంది అత్తా!" అన్నాను.

"అరవాకు. దొరికితే మీ మామకు జైలే."

జమేదారు గడప దాకా వచ్చి, "ఈ గదిలో ఏముండాది?" అన్నాడు.

"పురుడప్పా, మైల. వస్తే రా, ఇంటికి పోయి తలకు పోసుకుందువు" అనింది అత్త.

"వద్దులే తల్లీ" అని ఆయప్ప వెనక్కి తిరిగినాడు.

వాళ్లు పోయినాక అత్త దాన్ని బయటికి తీసుకుపోయి మామకిచ్చింది. ఆయన నవ్వుకుంటా తెరిచి చూసినాడు. లోపల తూటా ఉండింది.

"గుర్తులే సూసినా గానీ, లోపల సూడనేలేదే" అన్నాడు.

మామ మంచి మనిషే. బిడ్డంటే ప్రాణం. అయినా ఆయన ఎత్తుకుంటానని చేతులు చాపితే, బిడ్డను ఇచ్చేదానికి నాకు శానా కాలం మనసొప్పలేదు.