బ్యాటరీ లేని హారన్

నా స్పానర్ల మీద ఒట్టు. నేను కోతలు కోస్తానని మీకు తెలుసు, అందుకే ముందే ఒట్టేస్తున్నాను... ఇది జరిగింది.

పోయిన వానాకాలం. ఆటోనగర్‌లో నా షెడ్డుకు శ్రీను స్కూటర్ వచ్చింది. మా భవానీపురం వాడే, పేపరు విలేకరి. కృష్ణలో రాత్రిళ్లు ఇసుక తోడే లారీల మీద వరసగా రాశాడు. ఉయ్యూరు నుంచి వస్తూ కాలువ కట్ట మీద పడ్డాడు. తుంటి విరిగింది. బ్రేకు వైరు అరిగి తెగిందన్నారు పోలీసులు.

నేను చూశాను. అరిగిన వైరు చీపురులా విచ్చుకుంటుంది. ఇది ముప్పాతిక వంతు నున్నగా కోసి ఉంది. మిగిలిన నాలుగు పోగులే తెగాయి.

ఆస్పత్రి నుంచి శ్రీను ఫోన్ చేశాడు.

"బాబాయ్, వైరు ముట్టుకోకు. రేపు లాయర్ గారొచ్చి ఫోటోలు తీస్తారు. నాకున్న సాక్ష్యం అదొక్కటే."

"నా ప్రాణం పోయినా వైరు పోదురా!" అన్నాను.

ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నాను. స్కూటర్ బ్యాటరీ తీసి మంచం కింద పెట్టాను. పక్క తలుపుకు తాళం. రెండో తాళంచెవి షెడ్డు ఓనరు గారి దగ్గరుంటుంది. ఆయనకు లారీలున్నాయి. అంటే... ఆటోనగర్‌లో ఎవరికి లేవులెండి.

వాన వెలిసింది. రేకుల మీంచి చుక్క... టప్... టప్...

అప్పుడు మోగింది. స్కూటర్ హారన్. పీ... సన్నగా, గొంతు తడారిపోయినట్టు.

మంచం కింద చెయ్యి పెట్టాను. బ్యాటరీ అక్కడే ఉంది. చల్లగా.

హెడ్‌లైటు భగ్గున వెలిగింది! చక్రం గిర్రున...

"మొన్న చెప్పినప్పుడు లైటు లేదు కదరా," అన్నాడు ఎదురుగా కూర్చుని వింటున్న సుబ్బారావు.

సరే, లైటు నేను వెలిగించిందే. చక్రమూ నేనే తిప్పాను. హారన్ మాత్రం నిజం. ఒక్కసారి.

తర్వాత... కటింగ్ ప్లేయరు నేల మీద పెట్టిన చప్పుడు. పనిముట్టు పడితే ఒక చప్పుడు, పెడితే ఇంకోటి. ఇది పెట్టింది. మెల్లగా.

తెల్లారి చూస్తే బండికి వేరే వైరు. తుప్పు పట్టి, చీపురులా విచ్చుకుని. తలుపుకు తాళం వేసింది వేసినట్టే ఉంది. లాయరు గారు చూసి, కెమెరా సంచిలో పెట్టేసుకుని వెళ్లిపోయారు.

"ఆగాగు. హారన్ మోగగానే స్పృహ తప్పిందన్నావు. మరి ప్లేయరు చప్పుడెట్టా విన్నావు?" మళ్లీ సుబ్బారావే.

వీడొకడు...

తప్పలేదురా. శ్రీనుకు కూడా అదే చెప్పాను కానీ, స్పృహ తప్పలేదు. వైరు లాగుతున్నంతసేపూ విన్నాను. దుప్పటి నోట్లో కుక్కుకుని. ఒక్క కేక వేస్తే పక్క షెడ్డువాళ్లు లేచేవాళ్లు. వేయలేదు.

"పోన్లే బాబాయ్, నీకేం కాలేదుగా," అన్నాడు శ్రీను, ఆ అబద్ధం నమ్మి. కేసు మూసేశారు.

వైరు మార్చింది మనుషులే అనుకుందాం. మరి ఆ హారన్? అది నన్ను లేవమని మోగిందో... లేవొద్దని మోగిందో...